41 శాతం దేంట్లో?



ఆర్థిక సంఘం మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లోనూ శాసనసభల్లోనూ చర్చంతా ఒకే అంకె చుట్టూ తిరుగుతుంది. వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమైంది కనుక 15వ సంఘం దాన్ని 41 చేసింది. ఆ ఒక్క శాతం మీద జరిగిన వాదనలో పదోవంతు కూడా, ఆ 41 శాతం అసలు దేంట్లో అన్న ప్రశ్న మీద జరగలేదు. రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు పంపకానికి రావు. వాటి మీద వచ్చే ప్రతి రూపాయీ కేంద్రానిదే. కాబట్టి వాటా తగ్గించాలంటే ఆర్థిక సంఘాన్ని అడగనక్కర్లేదు. పన్నుకు సెస్సు అని పేరు పెడితే చాలు.

పెట్రోలునే తీసుకోండి. 2018 బడ్జెట్ తరవాత మామూలు పెట్రోలు లీటరు మీద కేంద్రం వేసిన ఎక్సైజు మొత్తం 19 రూపాయల 48 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 4.48. 2022 మేలో తగ్గించాక మొత్తం 19.90 అయింది, మూల సుంకం మాత్రం 1.40. మిగతాదంతా ప్రత్యేక అదనపు సుంకం 11, రోడ్ల సెస్సు 5, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 2.50. బంకులో జనం కట్టిన పన్ను ఇంచుమించు అంతే. రాష్ట్రాలన్నిటికీ కలిపి వచ్చేది మాత్రం లీటరుకు రూపాయి 88 పైసల నుంచి 57 పైసలకు పడిపోయింది. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు రెండు పైసల పైచిలుకు, తెలంగాణ వంతు పైసా చిల్లర! 2022 తగ్గింపు మొత్తం రోడ్ల సెస్సులోనే చేశాం, రాష్ట్రాల వాటా ముట్టుకోలేదు అని ఆర్థిక మంత్రి చెప్పారు. నిజమే. ముట్టుకోవడానికి అక్కడ మిగిలిందెంత?

సెస్సు అంటే ఒక పనికోసం వేసేది, ఆ రోడ్లూ బడులూ రాష్ట్రాల్లోనే కదా వచ్చేది అంటారు. ఆ డబ్బు ఆ పనికే వెళ్తుంటే ఈ మాటకు బలం ఉండేది. 2018-19లో 35 రకాల సెస్సులూ సుంకాల మీద సుమారు 2.75 లక్షల కోట్లు వసూలైతే, వాటికోసం పెట్టిన నిధులకు జమైంది 1.64 లక్షల కోట్లేనని కాగ్ తేల్చింది. పోనీ తాత్కాలికమా అంటే అదీ కాదు. ఆదాయపు పన్ను మీద 2004లో రెండు శాతంగా వచ్చిన విద్యా సెస్సు, ఆరోగ్యాన్ని కూడా పేరులో కలుపుకుని 2018లో నాలుగు శాతమైంది. రక్షణ వంటి భారాలు కేంద్రానివే, కాదనను. ఆ ఖర్చు పెరిగిందనుకుంటే ఆ లెక్క ఆర్థిక సంఘం ముందు పెట్టి వాటా తగ్గించమని అడగవచ్చు. రాష్ట్రాలు తమ వాదన వినిపించగల చోటు అదే.

సెస్సుల మీద ఈ వాదన ఉత్తరాది పేద రాష్ట్రాల నోటికాడ కూడు లాక్కోవాలనే దక్షిణాది పోరు అని మరో మాట ఉంది. లెక్క చూస్తే తిరగబడుతుంది. 15వ సంఘం పంపకంలో ఉత్తరప్రదేశ్‌కు దాదాపు 18 శాతం, బిహార్‌కు 10 శాతం; ఆంధ్రప్రదేశ్‌కు 4, తెలంగాణకు 2. అంటే పంపకంలోకి రావాల్సిన ప్రతి రూపాయి సెస్సుగా మారినప్పుడు యూపీ ఏడు పైసలు పోగొట్టుకుంటే, తెలంగాణ పైసా కూడా పోగొట్టుకోదు. దీని మీద అందరికంటే ముందు నోరు విప్పాల్సింది లక్నో, పట్నా పాలకులే. ఇక మన రాష్ట్రాలూ తక్కువ తినలేదు. వ్యాట్ చాలదన్నట్టు ఆంధ్రప్రదేశ్ 2020లో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేసింది. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఇవ్వాల్సింది ఇవ్వడంలో రాష్ట్రాల చేతివాటం వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది. కానీ రాష్ట్రం చేసిన తప్పు కేంద్రానికి సాకు కాదు.

పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. సర్‌చార్జీ నిర్దిష్టమైన పనికి, పరిమిత కాలానికే ఉండాలని సర్కారియా కమిషన్ చెప్పింది. ఉన్న సెస్సులన్నిటినీ సమీక్షించి మొత్తం పన్నుల్లో వాటి పాలు తగ్గించాలని పూంఛీ కమిషన్ 2010లో చెప్పింది. ప్రతి సెస్సుకూ చట్టంలోనే గడువు రాయాలి. గడువు దాటినా వసూలు చేస్తే అది మామూలు పన్నే కనుక పంపకంలోకి రావాలి. లోక్‌సభలో మన రెండు రాష్ట్రాల సభ్యులు 42 మంది. విద్యా సెస్సు ఏ తేదీన ముగుస్తుందో చెప్పమని వారిలో ఒక్కరైనా వచ్చే బడ్జెట్ సమావేశాల్లో లిఖితపూర్వకంగా అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు