ఇద్దరూ... ఓ ఘాట్ రోడ్డూ!

పిల్లలు సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లారు. ఇల్లు బోసిపోయింది. బయట ఉక్కపోత. ఇలాంటప్పుడు విశాఖలో ఉండే ఆలుమగలకి ముందుగా గుర్తొచ్చేది అరకు. తెల్లారగట్ల బయల్దేరి, బొర్రా గుహలు చూసి, పద్మాపురం తోటలో ఫొటోలు దిగి, బొంగు చికెన్ తిని, రాత్రికి ఇల్లు చేరిపోవడం... ఎక్కువమంది చేసేది ఇదే. రానూపోనూ దాదాపు 230 కిలోమీటర్లు. మాట్లాడుకోవడానికి తీరిక ఉండదు సరికదా, ఒళ్లు అలిసిపోయి చీకట్లో ఘాట్ దిగాల్సి వస్తుంది. ఆ ప్రయాణంలో అసలు ప్రమాదం అక్కడే.

అదే దారికి మూడు పగళ్లు, రెండు రాత్రులు ఇచ్చి చూడండి. ఊళ్లు అవే, కొండలు అవే. ప్రయాణం మాత్రం వేరు.

మొదటిరోజు: తైడా దాకా చాలు

శృంగవరపుకోటలో టిఫినూ, పెట్రోలూ కానిచ్చేయాలి. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఎండాకాలం కాబట్టి ఇంజిను వేడి ముల్లు మీద ఓ కన్నుండాలి. అది పైకి పోతుంటే ఏసీ ఆపి, బండిని ఓ పక్కన పెట్టి చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత తీశారో, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

ఘాట్‌లో పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒకటుంది. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగాలి. బ్రేకు తొక్కిపెట్టి దిగితే అది వేడెక్కి, సరిగ్గా కావాల్సిన మలుపులో పట్టకుండా పోతుంది. ఇరుకైన చోట ఎదురుపడితే దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లకు దారివ్వాలి. ఇది మర్యాదే కాదు, రోడ్డు నిబంధన కూడా.

మరి కారులో ఇద్దరి మధ్యా? 'నేను చెప్తూనే ఉన్నా' అన్న మాట దగ్గరే సగం యాత్రలు చెడతాయి. దానికీ ఓ ఒప్పందం ఉంది. వేగం సంగతి నడిపేవాళ్లకు వదిలేయాలి. 'ఓవర్‌టేక్ చేసెయ్' అని పక్కవాళ్లు అనకూడదు. పక్కవాళ్లు 'ఆపుదాం' అంటే మాత్రం, ఎందుకని అడక్కుండా ఆపాలి. ఆ ఇద్దరూ భార్యాభర్తలైనా సరే!

తైడా అడవిలో పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలున్నాయి. గదులున్నదీ లేనిదీ ముందే కనుక్కోవాలి. సాయంత్రం పిట్టల కూతలు తప్ప అక్కడ వేరే కార్యక్రమం ఉండదు. అలాంటిచోటే చాన్నాళ్లుగా వాయిదా పడ్డ కబుర్లు బయటికొస్తాయి.

రెండోరోజు: గుహలు, కాఫీ, గుడారం

పొద్దున్నే వెళ్తే బొర్రాలో రద్దీ తక్కువ. సున్నపురాయిని కరిగించుకున్న నీరు పైకప్పు నుంచి బొట్లుబొట్లుగా కారుతూ ఈ ఆకారాలను మలిచింది. పైనుంచి వేలాడేవి కొన్ని, నేలనుంచి లేచేవి కొన్ని. వేల ఏళ్లకు ఎప్పుడో ఆ రెండూ కలిస్తే స్తంభం. కలిసి కాపురం చేసేవాళ్లు కాసేపు నిలబడి చూడాల్సిన దృశ్యమే.

అనంతగిరి, గాలికొండ దాటుతుంటే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. గిరిజన రైతులు పండించే ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫొటోల్లో కనిపించే పసుపుపచ్చని వలిసె పూలు మాత్రం ఇప్పుడుండవు. వాటికి వర్షాకాలం వెళ్లాక రావాలి.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి అరకులో మధ్యాహ్నం ఎండ ఉన్నా, రాత్రికి దుప్పటి కావాలి. ఊరి చుట్టుపక్కల గుడారాలు అద్దెకిచ్చేవాళ్లున్నారు. అడవిలో సొంతంగా వేసుకోవాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. గెడ్డ ఎండిపోయి చదునుగా ఉంది కదా అని అందులో గుడారం వేయకూడదు. ఎగువన వాన పడితే నీళ్లు చెప్పకుండా వచ్చేస్తాయి. మే నెల సాయంత్రాలు పిడుగుల కాలం కూడా. ఉరుము వినపడగానే గుడారం వదిలి, చెట్ల కిందికి వెళ్లకుండా, కారెక్కి అద్దాలు మూసుకోవాలి. మన్యంలో మలేరియా ఉంది. దోమతెర మరవొద్దు. చలిమంట వేస్తే పడుకునేముందు నీళ్లు పోసి ఆర్పాలి. ఎండాకులకు ఒక్క నిప్పురవ్వ చాలు.

మూడోరోజు: వేరే దారిన ఇంటికి

వచ్చిన దారినే తిరిగి రాకుండా చాపరాయి, పాడేరు మీదుగా దిగొచ్చు. చాపరాయి దగ్గర బండమీద నీళ్లు జారే తీరు ముచ్చటగా ఉంటుంది. నాచు పట్టినచోట అడుగు పెడితే మాత్రం మనిషీ జారతాడు. పాడేరు మోదకొండమ్మ జాతర మేలోనే జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే రద్దీకి సిద్ధపడాలి. ఘాట్ దిగాక కాస్త పక్కకు తిరిగితే మాడుగుల. గోధుమపాలు, నెయ్యితో చేసే అక్కడి హల్వా ఓ డబ్బా అమ్మమ్మగారింటికి!

దార్లో గిరిజనుల ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి. వద్దంటే మానేయండి. ఖాళీ సీసాలు, కవర్లు కారులోనే ఉంచుకోవడం మరీ ముఖ్యం. బొర్రా దగ్గర పారే గోస్తనీ నదే కిందికొచ్చి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. విశాఖకు తాగునీరిచ్చే వాటిలో అదొకటి. కొండమీద గెడ్డలో విసిరేసిన చెత్త ఎవరి నీళ్లలోకో పోవడం లేదు. ఇంటికెళ్లి కుళాయి తిప్పితే వచ్చేవీ ఆ నీళ్లే కావచ్చు.