ఫ్రేముల లెక్క తప్పితే... తాతయ్య నడక తడబడుతుంది!

చాలా ఇళ్లలో బీరువా పైఅరన, పట్టుచీరల పక్కన ఓ డబ్బా ఉంటుంది. అందులో అమ్మాయి పెళ్లి, అబ్బాయి ఒడుగు, మనవరాలి ఓణీల వేడుక... అన్నీ గుండ్రటి పళ్లాల్లో భద్రంగా ఉంటాయి. నిజానికి వాటిలో ఎక్కువ డీవీడీలే. అయినా అందరూ పిలిచేది మాత్రం ‘పెళ్లి సీడీ’ అనే. ఇప్పుడు వాటిని చూద్దామంటే ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే అరే ఉండటంలేదు. పైగా డిస్కు మీద గీతలు, వేడికి, ఎండకు పాడయ్యే రంగుపొర. అందుకే చాలామంది వాటిని పెన్‌డ్రైవ్‌లోకి, హార్డ్‌డిస్కులోకి మార్చుకుంటున్నారు.

మంచి ఆలోచనే. యూఎస్‌బీతో పనిచేసే డీవీడీ డ్రైవ్ ఒకటి, హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. చిక్కల్లా మధ్యలో ఎదురయ్యే ఓ ప్రశ్నతోనే. ‘ఫ్రేమ్‌రేట్ ఎంత?’ అని అడుగుతుంది సాఫ్ట్‌వేర్. కింద పెద్ద జాబితా... 15, 24, 25, 29.97, 30, 50, 60! ఏది ఎంచుకోవాలి? ఎక్కువమంది చేసే పని ఒకటే. పెద్ద అంకె మంచిదనుకుని 30నో, 60నో నొక్కేస్తారు. ఫైలు చిన్నగా రావాలనుకునేవారు 15 దగ్గర ఆగుతారు. రెండూ పొరపాటే. సరైన జవాబు జాబితాలో కాదు, డిస్కులో ఉంది.

బొమ్మలు కదిలేదిలా...
స్కూల్లో నోటు పుస్తకం అంచున ఒక్కో పేజీలో ఒక్కో బొమ్మ వేసి, గబగబా పేజీలు వదిలితే మనిషి పరుగెత్తినట్టు కనిపించేది గుర్తుందా? వీడియో కూడా అంతే. కదలని బొమ్మలు వరసగా వచ్చిపోతుంటే కళ్లకు కదిలినట్టు అనిపిస్తుంది. ఆ ఒక్కో బొమ్మే ఫ్రేమ్. సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తాయన్నదే ఫ్రేమ్‌రేట్.

మూకీల కాలంలో దీనికి కచ్చితమైన లెక్క లేదు. కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. 1920ల చివర్లో మాటలు వచ్చాక ఆ పద్ధతి కుదరలేదు. వేగం మారితే గొంతు మారిపోతుంది కదా! అందుకని నిమిషానికి 90 అడుగుల ఫిల్ము కదలాలని స్థిరపరిచారు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. లెక్కవేస్తే సెకనుకు 24. ఇప్పటికీ సినిమాలు ఎక్కువగా ఆ లెక్కలోనే తీస్తున్నారు.

కరెంటు చెప్పిన లెక్క
టీవీ దగ్గరికొచ్చేసరికి కథ మారింది. అక్కడ లెక్క నిర్ణయించింది కరెంటు. మన దేశంలోనూ, ఐరోపాలోనూ ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగి మొదటికొస్తుంది. దానికి తగ్గట్టు టీవీలో సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకున్నారు. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మనం ఎంచుకున్న ‘పాల్’ పద్ధతి ఇదే. అమెరికాలో కరెంటు లెక్క 60. కాబట్టి అక్కడ 30 ఫ్రేములు. 1953లో ఆ దేశం రంగుల టీవీకి ప్రమాణాలు ఖరారు చేసినప్పుడు రంగుల సంకేతం శబ్దానికి అడ్డుతగలకుండా వేగాన్ని ఓ పిసరు తగ్గించారు. అలా 30 కాస్తా 29.97 అయింది. ఆ పద్ధతి పేరు ‘ఎన్‌టీఎస్‌సీ’.

డీవీడీలు వచ్చాక కూడా ఈ రెండు గుంపులూ అలాగే కొనసాగాయి. కాబట్టి మన ఊళ్లో స్టూడియోవాళ్లు పాల్ కెమెరాతో తీసి ఇచ్చిన పెళ్లి డిస్కులో ఉండేది సెకనుకు 25 ఫ్రేములే.

కనిపెట్టడం తేలికే
డిస్కులోని వీడియోను వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, ‘టూల్స్’ మెనూలో ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే చాలు. బొమ్మ కొలత, ఫ్రేమ్‌రేట్ రెండూ కనిపిస్తాయి. 720×576 అని ఉంటే పాల్, అంటే 25. 720×480 ఉంటే ఎన్‌టీఎస్‌సీ, అంటే 29.97. ‘మీడియాఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకాస్త వివరంగా చెబుతుంది.

ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్‌రేట్ దగ్గర ‘సేమ్ యాజ్ సోర్స్’ అన్నది ఎంచుకోవాలి. ‘మూలంలో ఎంతుంటే అంతే ఉంచు’ అని దానర్థం. పక్కనే ఉండే ‘కాన్‌స్టంట్’కు గుర్తు పెడితే వేగం మొదటినుంచీ చివరిదాకా ఒకేలా ఉంటుంది. తర్వాత వీడియోని కత్తిరించి అతికించాలనుకుంటే మాటా బొమ్మా విడిపోయే ప్రమాదం తగ్గుతుంది. ముందే అమర్చిపెట్టిన ఎంపికలు వాడేవారికి ‘576పి25’ అన్నవి మన డిస్కులకు సరిపోతాయి. ‘1080పి30’ లాంటి పేర్లు చూసి కంగారుపడక్కర్లేదు. అక్కడ 30 అంటే ‘అంతకు మించొద్దు’ అని మాత్రమే. 25 ఉన్న వీడియో 25గానే ఉంటుంది.

ఐదుకు ఆరు... ఆరోది ఎక్కడిది?
ఇంతకీ 25 ఉన్నదాన్ని బలవంతంగా 30 చేస్తే ఏమవుతుంది? ప్రతి ఐదు ఫ్రేములకు ఆరు కావాలి. ఆరోది ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కడినుంచీ రాదు. ఉన్నదాన్నే సాఫ్ట్‌వేర్ రెండోసారి వేస్తుంది. అంటే సెకనుకు ఐదుసార్లు బొమ్మ రవ్వంత ఆగి కదులుతుంది. పెళ్లికూతుర్ని బుట్టలో తెస్తున్నప్పుడో, కెమెరా పందిరంతా తిప్పి చూపిస్తున్నప్పుడో ఆ కుదుపు కళ్లకు తగులుతుంది. 60 పెడితే ఒక ఫ్రేమ్ రెండుసార్లు, మరో ఫ్రేమ్ మూడుసార్లు చొప్పున వస్తాయి. ఫైలు బరువు పెరగడమే తప్ప బొమ్మలో కొత్తగా చేరేదేమీ లేదు. పాలల్లో నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది గానీ పాలు పెరగవుగా!

తగ్గించినా ఇబ్బందే. 24 చేస్తే సెకనుకో ఫ్రేమ్ పోతుంది. 15 చేస్తే ప్రతి సెకనులోనూ పది బొమ్మలు పోతాయి. ఇప్పుడు లేని తాతయ్య ఆ పెళ్లిలో చేతికర్రతో నడిచొచ్చి అక్షింతలు వేసిన దృశ్యం ఇరవై సెకన్లు ఉందనుకోండి. డిస్కులో ఆయన బొమ్మలు 500. అవి కాస్తా 300 అయిపోతాయి. ఆ నడకలోని తీరు తెగి తెగి కనిపిస్తుంది. డిస్కు కూడా పారేస్తే ఆ 200 బొమ్మలు మళ్లీ రావు.

‘ఫోన్ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కదా, మరి 60 ఉంటే మంచిదేగా’ అన్న సందేహం కొందరికి వస్తుంది. ఆ సర్దుబాటు చూపించే పరికరం చూసుకుంటుంది. రేపు ఇంకో టీవీ కొంటే అది ఇంతకన్నా బాగా సర్దుతుంది. కానీ ఆ పనిని ఫైల్లోనే చేసి పెడితే వెనక్కి తీయడం కష్టం.

దువ్వెన పళ్లు కనిపిస్తే...
మార్చిన వీడియోలో మనుషులు కదిలినప్పుడల్లా చేతుల అంచున దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తున్నాయా? అది ఫ్రేమ్‌రేట్‌కు తోబుట్టువులాంటి సమస్య. ఆ రోజుల్లో పెళ్లిళ్లకు వాడిన కెమెరాలు బొమ్మను ఒకేసారి పూర్తిగా తీసేవి కావు. ముందు ఒంటి వరసలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత జంట వరసలు తీసేవి. అంటే సెకనుకు 25 పూర్తి బొమ్మలు కాదు, 50 సగం బొమ్మలన్నమాట. పాత డబ్బా టీవీ కూడా అదే వరసలో గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు. కంప్యూటర్‌లో రెండు సగాలూ ఒకేసారి పక్కపక్కన పడతాయి. ఈలోపు చెయ్యి కదిలిపోయి ఉంటుంది. అందుకే ఆ పళ్లు.

దీనికి మందు ‘డీఇంటర్‌లేస్’. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ విభాగంలో ఉంటుంది. మామూలుగా వాడితే 25 ఫ్రేములు వస్తాయి. అందులోనే ‘బాబ్’ అనే ఎంపిక ఉంది. అది ఒక్కో సగం బొమ్మ నుంచి ఒక్కో పూర్తి బొమ్మ తయారుచేస్తుంది. అప్పుడు ఫ్రేమ్‌రేట్ 50 పెట్టుకోవాలి. ఇక్కడ మాత్రం 50 అన్నది దొంగ అంకె కాదు. కెమెరా నిజంగానే యాభైసార్లు చూసింది మరి. ఫైలు పెద్దదవుతుంది గానీ కోలాటం, బ్యాండు ముందు కుర్రాళ్ల డ్యాన్సు, తలంబ్రాల సందడి అప్పట్లో టీవీలో చూసినంత నునుపుగా ఉంటాయి. చోటు ఉంటే పెళ్లి డిస్కులకు ఇదే మేలు.

అమెరికా నుంచి వచ్చిన డిస్కయితే...
పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో మరో రకం డిస్కులుంటాయి. మనవడి మొదటి పుట్టినరోజు, కొత్తింటి గృహప్రవేశం అక్కడే తీసి పంపినవి. అవి ఎన్‌టీఎస్‌సీ. వాటిని 25 చేయకూడదు. చేస్తే సెకనుకు ఐదు బొమ్మల చొప్పున పోతాయి. 29.97 అలాగే ఉంచాలి. బాబ్ వాడితే 59.94 పెట్టాలి. రెండు దేశాల వేడుకలూ కలిపి ఒకే వీడియో చేయాలని కొందరికి సరదా. ఆ కలిపేది వేరే ఫైలుగా చేసుకుని, విడివిడివి మాత్రం దేని లెక్కలో దాన్ని దాచుకోవడం మంచిది.

సినిమా డిస్కుల తీరే వేరు
కొన్న సినిమా డీవీడీల్లో చాలావాటికి కాపీ కాకుండా తాళం ఉంటుంది. దాన్ని తీయడం చట్టం ఒప్పుకోని పని. తాళం లేని డిస్కులకు మాత్రం లెక్క ఇలా ఉంటుంది. సినిమా తీసింది 24లో. పాల్ డిస్కులోకి ఎక్కించేటప్పుడు చాలావరకు దాన్నే 25 వేగంతో పరుగెత్తిస్తారు. అందుకే హాల్లో రెండున్నర గంటలు ఆడిన సినిమా పాల్ డిస్కులో 144 నిమిషాలకే అయిపోతుంది. ఎవరో సన్నివేశాలు కోసేశారని అనుమానపడాల్సిన పనిలేదు. శ్రుతిని సరిచేయకపోతే పాట కూడా కాస్త పైకి వెళుతుంది. హార్మోనియంలో పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరంలో సుమారు 70 శాతం! చెవి ఉన్నవారు పట్టేస్తారు. దీన్ని సరిచేద్దామని ఫ్రేమ్‌రేట్ దగ్గర 24 నొక్కితే వేగం తగ్గదు, ఫ్రేములు మాత్రమే పోతాయి. 25 అలాగే ఉంచాలి.

సినిమా డిస్కు ఎన్‌టీఎస్‌సీది అయితే ఇంకో మెలిక. 24 ఫ్రేముల్ని 30లో సర్దడానికి నాలుగు ఫ్రేముల్ని సగాలుగా విడదీసి ఐదుగా పేరుస్తారు. గుర్తు పట్టడానికి వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆపేసి, కీబోర్డు మీద ‘ఈ’ అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే చూడండి. మూడు ఫ్రేములు శుభ్రంగా, రెండు దువ్వెన పళ్లతో వస్తుంటే అదే. హ్యాండ్‌బ్రేక్‌లో ‘డీటెలిసిన్’ పెట్టి, 23.976 ఎంచుకుంటే అసలు సినిమా ఫ్రేములు తిరిగి వస్తాయి. కొన్ని డిస్కుల్లో ఫ్రేములు విడివిడిగానే ఉండి, ఎలా పేర్చి చూపాలో ప్లేయర్‌కి సూచన మాత్రమే ఉంటుంది. అవి శుభ్రంగానే కనిపిస్తాయి. వాటికీ 23.976 సరైనదే.

మొదలుపెట్టే ముందు...
* మార్చడానికన్నా ముందు డిస్కులోని ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్‌ని ఉన్నది ఉన్నట్టుగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీయే. ఇదే అసలు ప్రతి. మార్చిన ఫైలు చూసుకోవడానికి మాత్రమే.
* మూడు గంటల పెళ్లిని ఒకేసారి మార్చొద్దు. కదలిక ఎక్కువగా ఉన్న రెండు నిమిషాల ముక్కను ముందు మార్చి, టీవీలో పెట్టి చూడాలి. కుదుపులు, దువ్వెన పళ్లు లేవనుకున్నాకే మిగతాది.
* చివరి నిమిషాలు తప్పక చూడాలి. అప్పగింతలప్పుడు మాట ఒకచోట, పెదవి ఒకచోట ఉంటే ఎక్కడో తేడా జరిగినట్టే.
* స్టూడియోలో ఇచ్చి చేయించేవారు ‘పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి’ అని ఊరుకోకుండా రెండు మాటలు చెప్పాలి. ‘ఫ్రేమ్‌రేట్ మార్చొద్దు, అసలు ఫోల్డర్ కూడా కాపీ చేసివ్వండి’ అని.

పని అయిపోయాక డిస్కును చెత్తబుట్టలో వేసేయాలనిపిస్తుంది. తొందరపడొద్దు. కాపీ రెండు చోట్ల ఉండి, రెండూ తెరిచి చూసుకునేదాకా దాన్ని ఉండనివ్వండి. చెయ్యి తగలకుండా, నీడపట్టున, నిలబెట్టి ఉంచితే చాలు. బీరువాలో అదేమంత చోటు తింటుంది గనక!