పదునేడవ లూయీ యెక్కడ?

ఈ మాసపు ముచ్చటను మా యింట జరిగిన యొక చిన్న సంగతితో మొదలుపెట్టుచున్నాను. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి యొకనాడు చరిత్ర పుస్తకము చేతబట్టుకొని వచ్చి, "అమ్మా! పదునారవ లూయీ తరువాత పదునెనిమిదవ లూయీ యని యున్నది. నడుమ పదునేడవవాడెక్కడ?" అని యడిగినది.

నేను చిన్ననాట పురాణములలోని వంశావళులు వల్లించినదానను. తండ్రి పిమ్మట కొడుకు, కొడుకు పిమ్మట మనుమడు; నాకు తెలిసిన క్రమమదియే. "పదునారవవాని కొడుకు పదునేడవవాడు, వాని కొడుకు పదునెనిమిదవవాడు. అచ్చువేసినవారు నడిమివానిని మరచియుందురులే" అని వంటపని తొందరలో చెప్పివైచితిని. పిల్ల పరీక్షలో నదే వ్రాసినది. కాగితము ఎఱ్ఱగీతతో తిరిగివచ్చినది. నన్నొక్క మాటయు ననలేదు గాని, నాటినుండి సందేహము కలిగినచో నన్ను దాటి తండ్రి యొద్దకు పోవుచుండెను. ఎఱ్ఱగీతకంటె నిదియే నా మనస్సును నొప్పించినది. అంతట మావారిచేత పుస్తకములు తెప్పించుకొని చదివితిని. తెలిసికొన్నది మీతో చెప్పుచున్నాను.

మొదటిమాట: ఈ సంఖ్య తరముల లెక్క కాదు, పేరుల లెక్క. ఒక రాజ్యము నేలినవారిలో ఆ పేరుగలవారియందు ఎన్నవవారో చెప్పునంతే. ఫ్రాన్సు దేశమున పదునాలుగవ లూయీ 1643వ సంవత్సరమున, ఐదేండ్లు నిండకమునుపే రాజై, 1715 వఱకు డెబ్బదిరెండేండ్లు ఏలెను. కొడుకును మనుమడును ఆతని కన్నులయెదుటనే గతించిరి. కావున పదునైదవ లూయీ యాతనికి మునిమనుమడు. పదునారవ లూయీ యా పదునైదవవానికి మనుమడు. ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీ బిడ్డలు మువ్వురు సింహాసన మెక్కిరి: ఆరవ ఎడ్వర్డు, మొదటి మేరీ, మొదటి ఎలిజబెత్తు. ఒక్క తండ్రి బిడ్డలకే యిట్లు వేర్వేరు లెక్కలు!

రెండవమాట: ఆ పేరుగలవారు మరియొకరు వచ్చువఱకు సాధారణముగా సంఖ్య యుండదు. 1837 మొదలు 1901 వఱకు ఏలిన విక్టోరియా రాణికి నేటికిని సంఖ్య లేదు. 1558 మొదలు 1603 వఱకు ఏలిన ఎలిజబెత్తును "మొదటి" యని పిలువవలసివచ్చినది 1952లో రెండవ ఎలిజబెత్తు రాణియైన పిమ్మటనే.

మూడవమాట: ఏ రాజ్యము లెక్క ఆ రాజ్యమునకే. స్కాట్లండునకు ఆరవ జేమ్సు 1603లో ఇంగ్లండునకును రాజై, యచట మొదటి జేమ్సు అయ్యెను. పుట్టింట మూడవ యాడుబిడ్డ అత్తవారింట పెద్దకోడలు కావచ్చును గదా! ఈ లెక్కకై కలహములును జరిగినవి. స్కాట్లండు నేలినవారిలో మొదటి ఎలిజబెత్తే లేనప్పుడు రెండవయామె యెట్లు వచ్చెనని కొందఱు ఆగ్రహించిరి. ఎడింబరో నగరమున ఆ సంఖ్య చెక్కిన యొక తపాలాపెట్టెను 1953లో ప్రేలుడుమందుతో పగులగొట్టిరి.

ఇక చదువు విధము. ఈ సంఖ్యలను రోమను అక్షరములలో వ్రాయుదురు. ఐ యనగా ఒకటి, వీ యనగా అయిదు, ఎక్స్ అనగా పది. చిన్నది పెద్దదానికి వెనుకనున్న కూడవలెను, ముందున్న తీసివేయవలెను. ఎక్స్, ఐ, వీ యని వరుసగా నున్నచో, పదియును, అయిదింట ఒకటి పోగా నాలుగును కలిసి పదునాలుగు. ఆంగ్లమున పేరు ముందు, సంఖ్య వెనుక. తెనుగున సంఖ్యయే ముందు. "లూయీ పదునాలుగు" అనరాదు. "పదునాలుగవ లూయీ" యనవలెను.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వత్తును. పదునేడవ లూయీ 1785లో పుట్టిన పసివాడు. 1793 జనవరిలో విప్లవకారులు వాని తండ్రిని వధించిరి. ఆ వేసవిలో పిల్లవానిని తల్లియొడినుండి వేఱుచేసిరి. అక్టోబరులో తల్లియు వధింపబడెను. ఆ బిడ్డ పారిసు నగరమున టెంపులు అను చెఱలోనే 1795 జూనులో, పదేండ్ల ప్రాయమున కన్నుమూసెను. కిరీటము ధరింపలేదు, ఒక్కనాడును ఏలలేదు. అయినను రాజపక్షమువారు తండ్రి పోయిన నాటినుండి వానినే రాజుగా నెంచిరి. పిమ్మట వాని పినతండ్రి, ఆ సంఖ్యను బిడ్డకే విడిచి, తాను పదునెనిమిదవ లూయీ యనిపించుకొని, 1814లో సింహాసన మెక్కెను.

ఇది చదివి నేను చాలసేపు పుస్తకము మూయలేకపోతిని. అచ్చువేసినవారు మరచిరని నేను తేలికగా త్రోసివేసినది ఒక తల్లి బిడ్డను. పైగా పినతండ్రిని వానికి కొడుకును చేసితిని!

ఆ రాత్రి అమ్మాయిని పిలిచి, "తల్లీ, నేను తప్పు చెప్పితిని" అని యంతయు వివరించితిని. అది కొంతసేపు మాటాడక, "అమ్మా, ఆ పిల్లవానికి నాకంటె తక్కువ వయస్సా?" అని మాత్రమడిగినది. మరునాడు మరియొక సందేహముతో వంటయింటికే వచ్చినది. నాకు సమాధానము తెలియదు. "చూచి చెప్పెదను" అంటిని. సోదరీమణులారా, ఈ రెండు మాటలు ముందే యని యుండిన నాకీ చిక్కు రాకపోవును. మీరును మీ బిడ్డలతో నిస్సంకోచముగా ననుడు.