ఓటమి ఎరుగని మందు

ఏ మందైనా కొందరికి పనిచేస్తుంది, కొందరికి పనిచేయదు. నిజాయితీగా వైద్యం చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఇంతవరకూ ఎవరి దగ్గరా విఫలం కాలేదని చెప్పుకునే మందు కనిపిస్తే మాత్రం ముందుగా అనుమానించాల్సింది దాన్నే. బరువు తగ్గిస్తామనే వ్యాపారంలో ఇలాంటి మందులకు కొదవలేదు. వాటిని ఓడిపోకుండా కాపాడుతున్నది మూలికలు కావు, పథ్యం.

మా పిన్నికి థైరాయిడ్, బీపీ, మోకాళ్ల నొప్పులు. వీటికి తోడు ఒళ్లు. టీవీలో చూసి ఒక చూర్ణం తెప్పించుకుంది. పరగడుపున గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా, రాత్రి పడుకోబోయే ముందు ఇంకో చెంచా. అన్నం మానాలి, తీపి ముట్టకూడదు, వంకాయ, గోంగూర, ఆవకాయ దగ్గరికి రానివ్వకూడదు. మొదటి వారంలోనే రెండున్నర కిలోలు తగ్గింది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. రెండో నెలకల్లా ముల్లు కదలడం మానేసింది. మూడో నెలలో మళ్లీ పైకి పాకింది. కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"పథ్యం ఎక్కడైనా తప్పారామ్మా?"

"లేదు బాబూ. మనవడి పుట్టినరోజు నాడు ఒక్క లడ్డూ తిన్నాను. అదీ సగమే."

"అదే మరి! అక్కడే దెబ్బతింది. మళ్లీ మొదటి నుంచీ కోర్సు వాడాలమ్మా."

పిన్ని మళ్లీ డబ్బు కట్టింది. చూర్ణాన్ని ఒక్క మాట అనలేదు. తన నాలుకను మాత్రం నానా తిట్లూ తిట్టుకుంది.

తగ్గితే చూర్ణం మహిమ, తగ్గకపోతే మనిషి తప్పు. ఇక ఆ చూర్ణం ఓడిపోయే దారేది? పిన్నికి మొదటి వారంలో జరిగినదానికి మహిమ అక్కర్లేదు. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామునూ అంటిపెట్టుకుని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం, తీపి ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, నీరు మూత్రంలో పోతుంది. ముల్లు దిగుతుంది. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. వారంలో రెండున్నర కిలోల కొవ్వే కరగాలంటే రోజుకు 2,750 కేలరీల లోటు పడాలి. పిన్ని రోజంతా చేసే ఖర్చే అంత ఉండదు. చూర్ణం బదులు ఉత్త గోరువెచ్చటి నీళ్లు తాగినా ఆ వారం ముల్లు అలాగే దిగేది.

ఈ ఎత్తు మనకు కొత్తేమీ కాదు. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఉబ్బసానికి మింగించే చేప మందుకూ వారాల తరబడి పథ్యం ఉంది, వరసగా కొన్నేళ్లు మింగాలన్న నియమమూ ఉంది. ఉబ్బసం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. తగ్గిన ఏడాది పేరు చేపకు, పెరిగిన ఏడాది నింద రోగికి. హేతువాదులు, జన విజ్ఞాన వేదిక వాళ్లు నిలదీశాక అది మందు కాస్తా ప్రసాదమైంది. ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరడుగుతారు?

ఆచారాలకూ ఈ రక్షణే ఉంది. ఏకాదశి ఉపవాసం ఒంటికి మంచిదనీ, కొవ్వు కరుగుతుందనీ గట్టిగా నమ్మేవాళ్ల ఇంట్లో ఆ పూట ఫలహారం చూడండి. నెయ్యి వేసిన ఉప్మా, సగ్గుబియ్యం పాయసం, నాలుగు అరటిపళ్లు, వేయించిన జీడిపప్పు. అన్నం ముట్టలేదు కాబట్టి వ్రతం చెడలేదు. కేలరీలకు మాత్రం తిథి తెలియదు. పరగడుపున తేనె కొవ్వును కోసేస్తుందంటారు. ఒక పెద్ద చెంచా తేనెలో అరవై కేలరీల దాకా ఉంటాయి. కొవ్వు చెమటై కారిపోతుందన్నది మరో నమ్మకం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ లెక్కగట్టి చూపారు: పది కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల గుండా పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది.

ఇంతవరకూ హేతువాదులమంతా ఒప్పుకుంటాం. ఆ తర్వాత మనలోనే కొందరు తడబడతారు. "మూఢనమ్మకాలెందుకు? నోరు కట్టుకుని నడిస్తే చాలదూ!" అంటారు. చూర్ణం కంపెనీ ఫోన్‌లో చెప్పిందీ ఇదేగా? పూర్వజన్మ పాపం వల్ల రోగమొచ్చిందనే వాదానికి ఇది ఈ జన్మ వెర్షన్. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించింది. తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొచ్చింది. అయినా వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి, ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉందని 2016లో ప్రకటించారు. తగ్గిన శరీరం పొదుపు మొదలుపెడుతుంది, ఆకలి పెంచుతుంది. దానికి తోడు ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. థైరాయిడ్ లోపమూ పెంచుతుంది, అయితే సాధారణంగా నాలుగైదు కిలోలు మించదు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే. అన్నిటికీ థైరాయిడ్‌నే తిట్టడం ఎంత తప్పో, అన్నిటికీ నాలుకను తిట్టడమూ అంతే తప్పు.

మరి పథ్యం ఫలితాన్నీ మందు ఫలితాన్నీ విడదీసేదెలా? రెండు గుంపులకూ ఒకే పథ్యం పెట్టి, ఒక గుంపుకు మందు, మరో గుంపుకు ఉత్తుత్తి మందు ఇవ్వాలి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను అలాగే పరీక్షించారు. 1,961 మంది, 68 వారాలు, అందరికీ ఒకే ఆహార నియమం, ఒకే వ్యాయామం. మందు అందుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు అందుకున్నవాళ్లు 2.4 శాతం. ఇది 2021 నాటి ఫలితం. మందు ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని మరుసటి ఏడాది ప్రచురించింది కూడా ఆ పరిశోధకులే. ఖరీదైన మందు, వాంతులూ వికారమూ ఉన్న మందు, అందరికీ తగిన మందు కాదు. కానీ తన ఓటమిని తానే అచ్చువేసుకుంది. ఏ చూర్ణం డబ్బా మీదైనా అలాంటి వాక్యం చూశారా?

డబ్బా మీద చెప్పనివి ఇంకా ఉంటాయి. గుండెకు ముప్పని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన బరువు తగ్గించే మందు సిబుట్రమిన్, "మూలికల" స్లిమ్మింగ్ గుళికల్లో అమెరికా ఎఫ్‌డీఏకి పదేపదే దొరికింది. నొప్పులకిచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలిపితే మోకాలికి నాలుగు రోజులు హాయి, ముఖానికి వాపు, ఒంటికి మరింత బరువు. ఊబకాయాన్ని మందుతో తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో మధుమేహంతో పాటు ఊబకాయమూ ఉంది. చట్టానికి డెబ్బై ఏళ్లు నిండాయి. 2024లో సుప్రీంకోర్టు గట్టిగా మందలిస్తే తప్ప పతంజలి కంపెనీ తన మందుల ప్రకటనల విషయంలో పత్రికల్లో క్షమాపణ వేయలేదు. చట్టం ఉన్నంత మాత్రాన ప్రకటనలు ఆగవు. కొనేవాళ్లు నోరు తెరవాలి.

డబ్బు కట్టక ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఎన్నాళ్లలో ఎన్ని కిలోలు తగ్గకపోతే ఈ మందు పనిచేయలేదని మీరు ఒప్పుకుంటారు?" ఆ తేదీ, ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. డాక్టర్‌నీ అడగండి, యోగా గురువునీ అడగండి, పాత పథ్యాలు చెప్పే పెద్దమ్మనూ అడగండి. జవాబిచ్చినవాళ్లతో చర్చ కొనసాగించవచ్చు. "ముందు నమ్మకం ఉండాలమ్మా" అన్నవాళ్ల దగ్గర పర్సు తీయకండి.