నీరు రాకముందటి పని

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచివేసిన ఉప్పెనలో, అధికారుల లెక్క ప్రకారమే, సుమారు 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ముప్పదియేడేండ్ల పిమ్మట, 2014 అక్టోబరు 12న, గంటకు 170 కిలోమీటర్ల వేగమున హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినప్పుడు మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఉపగ్రహములు, తుపాను ఆశ్రయములు, జనమును ముందుగనే తరలించిన సిబ్బంది కలిసి సాధించిన ఈ మేలును ఎంత కొనియాడినను తక్కువయే. అయితే ప్రాణమును కాపాడుకొన నేర్చిన మనము బ్రతుకుతెరువును కాపాడుకొన నింకను నేర్వలేదు. ఆ లోపమునంతయు ప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు. అందు ఇంటికిని, అంగడికిని, వీథికిని చెందిన పాలు పెద్దది.

2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరుకు గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ దినములకొలది నీట నానినది. నీరు తీసిన పిదప అచ్చట నేను చూచిన ఒక కిరాణా దుకాణము నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. బియ్యపు బస్తాలు ఉబ్బి, పిగిలి, పులిసిన వాసన వేయుచుండగా, దుకాణపు ఇల్లాలు గడపపై కూర్చుండి అరువు పద్దుల పుస్తకమును ఒక్కొక్క కాగితముగా విడదీసి ఎండబెట్టుచుండెను. సిరా కరగి నీలిమరకయై పారినది. ఎవరు ఎంత బాకీయో చెప్పగల అక్షరమొక్కటియు మిగులలేదు. సరకును మరల తెచ్చుకొనవచ్చును గాని, ఏండ్ల నమ్మకముపై ఇచ్చిన అప్పును ఏ ఆధారముతో అడుగవలెను? వారమునకొకసారి ఆ పుటలను ఫోనుతో ఫొటో తీసి, వేరొక ఊరనున్న బంధువునకు పంపియున్నచో ఆమెకు ఆ దుఃఖము తప్పెడిది. ఇంటి దస్తావేజులకు, పట్టాలకు, పిల్లల సర్టిఫికెట్లకు సైతము ఇదియే రక్ష.

బీమా విషయమున మన అలక్ష్యము మరింత బాధాకరము. 2021 ఏప్రిల్ నుండి అమలులోనున్న ‘భారత్ గృహ రక్ష’, 5 కోట్ల రూపాయలకు మించని ఆస్తిగల చిన్న వ్యాపారములకై ఏర్పడిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అను పాలసీలు తుపాను నష్టమును, వరద నష్టమును భరించును. చిన్న కొట్టువారిలో వీని పేరైన వినినవారు అరుదు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే గల స్కూటరు నీట మునిగినచో ఒక్క రూపాయియు రాదను సంగతి పెక్కుమందికి మెకానిక్కు చెప్పువరకు తెలియదు.

హుద్‌హుద్ అనంతరము విశాఖలో కరెంటు లేక, ఫోన్లు మూగవోయి, ఏటీఎములు పనిచేయక, పెట్రోలు బంకుల యొద్ద బారులు తీరిన దినములను అనుభవించినవారు, చిల్లర నోట్లు, మందులు, మంచినీరు, టార్చిలైటు ఒకచోట నుంచుకొనుటను చాదస్తమనరు. ఇది ఆశ్వయుజమున మబ్బు పట్టినప్పుడు కాదు, వైశాఖపు ఎండలో తీరికగా చేయవలసిన పని. మగ్గపు గుంటలో నీరు చేరకముందే నూలును, పడుగును ఏ అటకపైకి చేర్చవలెనో చేనేత కుటుంబము అప్పుడే నిర్ణయించుకొనవలెను.

ఇంటింటి జాగ్రత్తయు వీథి కలియనిదే చాలదు. కలెక్టరు పడవలను పంపగలడు. కాని మూడవ ఇంటిలో మంచము దిగలేని ముసలమ్మ యున్నదని, ఆమెను కుర్చీతో మోయుటకు ఎవరు రావలెనో పొరుగువారే యెరుగుదురు. ఏ ఇంటి డాబా ఎత్తైనది, ఎవరి యొద్ద ఇన్వర్టరు కలదు, ఎవరికి ఈత వచ్చును అని ఒక సాయంకాలము అందరును అరుగుపై కూర్చుండి తేల్చుకొనవలెను. అచ్చట నుండి లేచుటకు ముందు, ఆ డాబా మెట్ల తలుపు తాళపుచెవి యజమాని ఊర లేనప్పుడు ఎవరి యొద్ద నుండవలెనో కూడ నిశ్చయించుకొనవలెను.