వరుస తప్పితే తప్పెవరిది?

– తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

"నా మెషీన్‌లో నడుస్తుంది సార్!"

మన కంప్యూటర్ ప్రయోగశాలలో ఈ మాట వినపడని వారం ఉండదు. ఈ మాట నేనూ అన్నాను. అని, ఒక మిత్రుడి మనసు కష్టపెట్టాను. ఆ తప్పు ఒప్పుకోవడానికీ, దాని వల్ల నాకు తెలిసివచ్చిన సంగతి పదిమంది ముందు పెట్టడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కంప్యూటర్ చదవని మిత్రులు పేజీ తిప్పవద్దని మనవి. ఇది వరుస గురించిన మాట. వరుస అంటే ఏమిటో రేషన్ షాపు ముందు నిలబడ్డ ప్రతివారికీ తెలుసు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక వ్యవసాయ కుటుంబం. అందుకే కాబోలు మా ప్రాజెక్టు కూడా వడ్ల మీదనే పెట్టుకున్నాం. కొనుగోలు కేంద్రంలో కుప్ప వరుస సంఖ్య, తేమ శాతం, తూకం చెబితే, ఆ వడ్లు తీసుకోవచ్చా లేదా, 40 కిలోల లెక్కన ఎన్ని బస్తాలవుతాయి అని చెప్పే చిన్న ప్రోగ్రాం అది. నలుగురం కలిసి పైథాన్ భాషలో రాశాం. రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి టెస్టులు కూడా రాశాం. టెస్టు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి ప్రోగ్రాంకు ఇచ్చి, అదే జవాబు వస్తుందా అని చూడటం, అంతే. ఒక్కో టెస్టును ఒక్కో ఫైలులో పెట్టి, అన్నింటినీ ఒకదాని వెనుక ఒకటి నడిపే చిన్న ప్రోగ్రాం ఇంకొకటి రాసుకున్నాం.

మా నలుగురిలో ముగ్గురికి ల్యాప్‌టాప్‌లున్నాయి. నాది సెకండ్ హ్యాండ్‌దే అయినా నాకు అది పెద్ద ఆస్తి. నాలుగో వాడు మహబూబ్‌నగర్ జిల్లా వాడు. వాడికి ల్యాప్‌టాప్ లేదు. సాయంత్రం దాకా ప్రయోగశాలలో కూర్చుని అక్కడి లినక్స్ మెషీన్ మీదే పనిచేసేవాడు. ఒకరోజు హాస్టల్‌కు వచ్చి, "అరేయ్, నా దగ్గర ఒక టెస్టు ఫెయిలైతుందిరా" అన్నాడు.

"మా ముగ్గురి దగ్గర మంచిగనే నడుస్తుంది. నువ్వే ఏదో కెలికినవ్" అన్నాను నేను.

"నేనేం ముట్టలేదురా. ఒక్కసారి వచ్చి సూడు."

నేను చూడలేదు. ముగ్గురు ఒక మాట అంటే నాలుగో వాడి మాట ఎవరు వింటారు? వాడు రెండు మూడుసార్లు చెప్పి ఊరుకున్నాడు. తరువాత మాతో కూర్చోవడమే మానేశాడు. ప్రాజెక్టు చూపించే రోజు సార్ ప్రయోగశాల మెషీన్ మీదే నడపమన్నారు. అందరి ముందూ ఆ టెస్టు ఫెయిలైంది. మార్కులు పోయాయి. మార్కుల సంగతి సరే, "నేను సెప్పిన గద" అని కూడా అనకుండా పక్కన నిలబడ్డ మా పాలమూరు మిత్రుడి ముఖం నేను మరిచిపోలేను.

ఆ రాత్రి కూర్చుని వెతికితే సంగతి బయటపడింది. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల తేమ 17 శాతం మించకూడదని మన రైతులందరికీ తెలుసు. 'చెక్' అనే టెస్టు 17.5 శాతం వడ్లను ప్రోగ్రాం నిరాకరిస్తుందా అని చూస్తుంది. 'లిమిట్' అనే టెస్టు ఆ పరిమితిని 18కి మార్చి, ప్రోగ్రాం మారిన పరిమితిని పాటిస్తుందా అని చూస్తుంది. చూసి, 18ని అలాగే వదిలేస్తుంది! చెక్ ముందు నడిస్తే రెండూ పాస్. లిమిట్ ముందు నడిస్తే, వెనుక వచ్చిన చెక్‌కు 17.5 శాతం వడ్లు కూడా మంచివిగానే కనిపిస్తాయి. అది ఫెయిల్. ఆ లిమిట్ టెస్టు రాసింది మరెవరో కాదు, నేనే.

మరి ఒక్కో మెషీన్‌లో వరుస ఎందుకు మారింది? మా ప్రోగ్రాం ఫైళ్ళ పేర్లను ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి, అది ఇచ్చిన వరుసలోనే నడిపేది. నా విండోస్ డిస్కు పేర్లను మామూలుగా అక్షర క్రమంలో ఇస్తుంది. ఇంగ్లీషులో 'సి' ముందు, 'ఎల్' తరువాత కనుక నా దగ్గర చెక్ ఎప్పుడూ ముందే. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్ట్‌4 పద్ధతి అలా కాదు. అది ప్రతి పేరునూ ఒక లెక్కతో అంకెగా మార్చి ఆ అంకెల వరుసలో ఇస్తుంది. పైగా ఆ లెక్కలో డిస్కుకొక రహస్య సంఖ్య కలుస్తుంది. అంటే రెండు లినక్స్ మెషీన్ల మధ్య కూడా వరుస ఒకటే ఉండాలని లేదు. పైథాన్ పుస్తకం ఈ జాబితాకు ఏ వరుసా లేదని స్పష్టంగానే చెబుతుంది. మేము చదవలేదు, అంతే.

మందు చిన్నదే. పేర్లను ముందు మనమే వరుసలో పేర్చి, తరువాత నడపాలి. అయితే ఏ వరుస? ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కంప్యూటర్‌లో 65 నుంచి 90 దాకా, చిన్న అక్షరాలకు 97 నుంచి 122 దాకా సంఖ్యలున్నాయి. సంఖ్యల ప్రకారం పేరిస్తే పెద్ద 'జెడ్' కూడా చిన్న 'ఏ' కంటే ముందే వస్తుంది. నిఘంటువు ప్రకారం పేరిస్తే అలా రాదు. మన తెలుగులోనూ ఈ తగాదా ఉంది. బడిలో మనం య ర ల వ శ ష స హ చదివాక ళ చదివాం. యూనికోడ్ సంఖ్యలలో మాత్రం ల వెంటనే ళ, ఆ తరువాతే వ. కాబట్టి 'కవి', 'కళ' అనే రెండు పేర్లలో ఏది ముందో బడి పంతులు ఒకటి చెబితే కంప్యూటర్ ఇంకొకటి చెబుతుంది. ఏది ఒప్పు అని కాదు ప్రశ్న. ఏదో ఒకటి ఎంచుకుని, రాసిపెట్టుకుని, అన్ని మెషీన్లలో దాన్నే పాటించాలి.

మేము అలాగే చేశాం. ప్రయోగశాలలో కూడా అన్నీ పాసయ్యాయి. నేను సంతోషపడుతుంటే మా పాలమూరు మిత్రుడు, "ఆ చెక్ పేరు తీసేసి మాయిశ్చర్ అని పెట్టి నడుపు" అన్నాడు. 'ఎమ్' అక్షరం 'ఎల్' తరువాతది కదా! రెండు మెషీన్లలోనూ ఫెయిలైంది. "పేరు మారిస్తే వడ్ల తేమ మారుతదారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

సెలవులకు ఇంటికి పోయి నాయినకు ఈ కథ చెప్పాను. మా బావి కింద పాలివాళ్ళంతా వంతుల మీద నీళ్ళు పెట్టుకునేవారు. నాయిన అంతా విని, "నీళ్ళు పెట్టినోడు మడవ కట్టి పోవాలె బిడ్డా. కట్టకుంట పోతే వెనకొచ్చినోని నీళ్ళు ముందోని మడిలకే పోతయి. వంతు మారిస్తే ఏమొస్తది?" అన్నాడు. నేను తెరిచిన పరిమితిని నేనే మళ్ళీ 17కి తెచ్చి పోవాలి. అసలు మరమ్మత్తు అది.

'మరి టెస్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడనప్పుడు వరుసతో పనేమిటి?' అని కొందరు అడగవచ్చు. పనుంది. తప్పు మళ్ళీ కనబడితేనే కదా పట్టుకోగలం! ఒక మెషీన్‌లో కనబడి, ఇంకొక మెషీన్‌లో దాక్కునే తప్పు మనుషుల మధ్య తగవు పెడుతుంది, మా మధ్య పెట్టినట్లు. వరుస ఒకటైతే తప్పు అందరికీ ఒకేచోట కనబడుతుంది. అప్పుడు తగవు మనిషితో కాదు, తప్పుతో.

మరి ఒకే వరుసలో నడుస్తూ పోతే మడవ కట్టని టెస్టు ఎప్పటికీ దొరకదు. అందుకని పేర్చిన జాబితాను కావాలనే కలిపి, పేకముక్కల్లా, నడిపి చూడాలి. ఆ కలపడానికి ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని 'సీడ్' అంటారు, అంటే విత్తనం. ఒకే విత్తనం వేస్తే ఒకే వరుస మొలుస్తుంది. అయితే ఒక షరతు: కలపడానికి ముందు జాబితా అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. లేకుంటే అదే విత్తనం రెండు మెషీన్లలో రెండు వరుసలిస్తుంది. కాబట్టి ముందు పేర్చాలి, తరువాత కలపాలి, ఆ సంఖ్యను ఫలితంతో పాటు అచ్చువేయాలి.

ఇది మా నలుగురి బాధే కాదు. 2011లో జావా 7 వచ్చినప్పుడు, అంతకుముందు ఎక్కువగా రాసిన వరుసలోనే నడిచిన టెస్టుల వరుస చెదిరిపోయింది. జావా ఆ వరుసకు ఎన్నడూ హామీ ఇవ్వలేదు, జనమే నమ్ముకున్నారు. 2012లో జేయూనిట్ 4.11 ప్రతిసారీ ఒకే వరుస వచ్చే ఏర్పాటు చేసింది. అదే ఏడాది వచ్చిన గో భాష మొదటి వెర్షన్, 'మ్యాప్' అనే పట్టికలోని అంశాల వరుసను కావాలనే చెదరగొట్టింది, దాని మీద ఎవరూ ఆధారపడకూడదని. ఒకరు వరుస కట్టారు, ఒకరు చెదరగొట్టారు. రెండూ అవసరమే అని నా అభిప్రాయం.

ఇక మన కళాశాల విషయం. అధ్యాపకులకు నాదొక విన్నపం. ప్రాజెక్టు మార్కులు వేసేముందు దాన్ని విద్యార్థి ల్యాప్‌టాప్ మీద కాకుండా ప్రయోగశాలలోని రెండు వేర్వేరు మెషీన్ల మీద, మూడు వేర్వేరు విత్తనాలతో నడిపి చూడండి. ఆ సంఖ్యలను రికార్డులో రాయించండి. దీనికి పైసా ఖర్చు లేదు. సొంత మెషీన్ ఉన్నవాడూ లేనివాడూ అప్పుడు ఒకే వరుసలో నిలబడతారు.

సోదర విద్యార్థులకు ఇంకొక మాట. మన ఇళ్ళలో చాలామందిమి మొదటి తరం చదువరులం. "నా దగ్గర నడుస్తుంది" అనే మాట వెనుక 'నీకు చేతకాదు' అనే మాట దాగి ఉంటుంది. మెషీన్ ఉన్నవాడు లేనివాడితో ఆ మాట అంటే, అది ఎక్కడ తగులుతుందో నేను చూశాను. ఇకనుంచి ఎవరైనా "నా దగ్గర ఫెయిలైతుంది" అంటే, ముందు లేచి వాడి దగ్గరికి పోయి చూద్దాం.

మా మిత్రుడు ఇప్పుడు మళ్ళీ మాతోనే కూర్చుంటున్నాడు. టెస్టులన్నీ ముందుగా వాడి మెషీన్‌లోనే నడుపుతున్నాం.