సీలేరు కరెంటులో కొండరైతు వాటా ఎంత?

కొండ ఊళ్లు వెనకబడి వున్నాయంటే చదువు లేకనో, రోడ్డు లేకనో అని పాలకులు చెబుతారు. ఇంకో కారణం వాళ్ల నోట రాదు. మోటారు తిరగాలన్నా, బండి కదలాలన్నా కొండమీది రైతుకు అయ్యే ఖర్చు మైదానం రైతుకన్నా ఎక్కువ.

సీలేరు లోయనే చూడండి. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో మొదలైంది. 1967-68లో ఎగువ సీలేరు, 1976-78లో 460 మెగావాట్ల దిగువ సీలేరు వచ్చాయి. నీరు కొండది. కరెంటు మాత్రం గూడేల నెత్తిమీదుగా మైదానానికి పోయింది. హైటెన్షన్ తీగ కింద వున్నంత మాత్రాన గుడిసెలో బల్బు వెలగదు గదా! సబ్‌స్టేషన్ కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇరవై ఇళ్ల గూడేనికి అంత ఖర్చు గిట్టదన్నది పైవాళ్ల లెక్క.

2018 ఏప్రిల్ 28తో దేశంలోని గ్రామాలన్నిటికీ కరెంటు చేరిందని కేంద్రం ప్రకటించుకున్నది. ఆ లెక్క ఎలాంటిది? బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకు లైను వచ్చి, నూటికి పది ఇళ్లకు కనెక్షన్ వుంటే చాలు, ఆ గ్రామానికి కరెంటు వచ్చినట్టే! తర్వాత మరిన్ని ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. మంచిదే. కాని సింగిల్ ఫేజ్ లైను బల్బుకు, ఫ్యానుకు సరిపోతుంది. రైసుమిల్లు ఆడాలంటే, పెద్ద మోటారు నీళ్లు తోడాలంటే త్రీఫేజ్ కావాలి.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు, దాన్ని కాపాడుకోవాలి. అయితే ఆ మేలు కరెంటు మోటారు వున్న పొలానికే అందుతుంది. వానమీద బతికే పోడుకు మోటారేదీ? లైను రాని చోట వాగునీళ్లు తోడాలంటే డీజిల్ ఇంజనే దిక్కు.

ఆ డీజిల్ ధరమీద అదుపును 2014 అక్టోబరులో కేంద్రం ఎత్తేసింది. దెబ్బ కొండరైతుకు రెండువైపులా తగులుతున్నది. ఉప్పూ పప్పూ పైకి రావడానికి జీపు కిరాయి అతనే భరించాలి. పసుపు, మిరియాలు కిందికి దిగేటప్పుడు ఆ కిరాయిని షావుకారు సరుకు ధరలో కోసుకుంటాడు. పసుపును ఊళ్లోనే మరపట్టి అమ్మితే నాలుగు డబ్బులు ఊళ్లోనే మిగులుతాయి. మర తిప్పే కరెంటు లేనిచోట ఆ లాభం కూడా కొండ దిగిపోతుంది.

ఇప్పుడు ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం తలపెట్టారు. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, కొరత వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారట. రాష్ట్రానికి అది అవసరమే కావచ్చు. మరి కొండకు ఏమిస్తారు? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభనుగాని, తగిన స్థాయి పంచాయతీనిగాని సంప్రదించాలని 1996 పీసా చట్టం చెబుతున్నది. కాగితంమీద సంతకాలతో ఆ తతంగం ముగించకూడదు.

కొండ రైతాంగం అడగవలసినవి మూడు. గూడేల కూడలికల్లా త్రీఫేజ్ లైను వేయాలి. లైను పోలేని చోట సోలార్ మోటార్లు పెట్టి, వాటి మరమ్మతు స్థానిక యువకులకు నేర్పి జీతమివ్వాలి. సీలేరు కరెంటు ఆదాయంలో ఒక వాటా ఆ గ్రామసభలకు చేరాలి. కొండ అడుగుతున్నది దానం కాదు, తన నీటికి కూలి.